కానరాని అక్షరానికి కైమోడ్పు

మాది కృష్ణా జిల్లా. మా ఊరి పొలిమేర దాటితే శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలోది కాదు, ఘంటసాల దగ్గర ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న పాత శ్రీకాకుళం. ఆ స్వామి మీద కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం చెప్పాడు. ఆయన స్వామిని పొగిడిన తీరు చూస్తే, ఇలాంటి భక్తుడు ఒక్కడుంటే చాలు, శత్రువులు వేరే అక్కర్లేదనిపిస్తుంది. మా నాన్నగారు ముద్దకో పద్యం చదువుకుంటూ భోంచేసేవారు. అవి వింటూ పెరిగినవాణ్ణి కనక నాకు పొగడ్త అంటే ఆ ఒక్క తీరే తెలుసు. తమర్ని స్తుతించబోయే ముందు ఈ ముక్క మనవి చేసుకోవడం నా ధర్మం.

తమరంటే ఎవరో పాఠకులకు చెప్పాలి కదా. తమరు ఒక ఆటల మాసపత్రికకు పేజీలు దిద్దే ఆర్ట్ డైరెక్టరు. పత్రిక పేరు చెప్పను. చెబుదామన్నా, అట్టమీద ఆ పేరు మంటల్లో కాలుతున్న ముళ్ళకంప లాంటి అక్షరాల్లో ఉంటుంది. పదకొండేళ్ళుగా చందా కడుతున్నాను, పేరు సరిగ్గా చదివానన్న నమ్మకం మాత్రం ఇంకా కుదరలేదు.

1986లో ఎమ్మెస్ చదవడానికి మిల్వాకీ వెళ్ళాను. విస్కాన్సిన్ రాష్ట్రం, చలికాలం వచ్చిందంటే వీధులన్నీ మంచే. కింది వాటాలో కుర్రాళ్ళు శనివారం రాత్రి బల్ల చుట్టూ చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో బయటికి తెచ్చిన ఆట అది. గైగాక్స్ ఉండే లేక్ జెనీవా మాకు గంట ప్రయాణం. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు పాత్రలు కడతారు, కత్తివేటు తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. హరికథకీ అష్టాచెమ్మాకీ పెళ్ళిచేస్తే పుట్టిన బిడ్డ అనుకోండి. ఆ పాచికల్లో నాలుగు ముఖాలదాని నుంచి ఇరవై ముఖాలదాని దాకా ఉంటాయి. తెలుగువాణ్ణి, కథ చెప్పమంటే ఆగుతానా, నాకు ఇట్టే పట్టుబడింది. ఈ ఆటలవాళ్ళ తిరనాళ్ళు జెన్ కాన్ కూడా అంతకుముందు ఏడాదే మిల్వాకీకి తరలివచ్చింది. 1976లో మొదలైన 'డ్రాగన్' పత్రిక నెలనెలా మా గది తలుపు కింద నుంచి లోపలికి జారేది. 2007 సెప్టెంబరులో 359వ సంచికతో దాని అచ్చు ఆగిపోయింది. పాత సంచికలు అరటిపళ్ళ అట్టపెట్టెలో మా బేస్‌మెంటులో ఇప్పటికీ ఉన్నాయి.

మొన్న ఒకటి బయటికి తీసి, తమ తాజా సంచిక పక్కన పెట్టి చూశాను. ఎంత దరిద్రపు కాలమండీ అది! కాగితం తెల్లగా ఉంది. సిరా నల్లగా ఉంది. అంతే. అక్షరం అప్పుడూ పెద్దదేం కాదు, మూడు కాలాలుగా విడగొట్టి ఇరుకిరుగ్గానే పేర్చారు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో, దేని తర్వాత దేన్ని చదవాలో పాఠకుడికి తెలిసిపోతోంది. రహస్యం లేదు, సాహసం లేదు. బొమ్మ బొమ్మచోట ఉంది, మాట మాటచోట ఉంది. కళ ఇంకా పుట్టని రోజులు.

ఇక తమ పేజీ. చూడగానే చేతులు జోడించాను. పేజీ నిండా పాతకాలపు తోలుపత్రం రంగు, అక్కడక్కడా కాఫీ ఒలికినట్టు మచ్చలు, అంచులు కాలినట్టు మసి. ఆ మచ్చల మీద, మచ్చల రంగులోనే అక్షరాలు. ఎడమ కాలం కింద నుంచి డ్రాగన్ తోక బయలుదేరి, నడిమి కాలంలో నాలుగు వాక్యాలను చుట్టుకుని, కుడివైపు పై మూలన తేలుతుంది. ఆ నాలుగు వాక్యాల్లో ఏముందో తోకకే తెలియాలి. పేజీ తిప్పితే కటిక నలుపు, దానిమీద గడ్డకట్టిన నెత్తురు రంగులో శీర్షిక. మంత్రవిద్యల భాగానికి వచ్చేసరికి నలుపుమీద ఊదా. గుప్తవిద్యను ఇంత గుప్తంగా ఉంచినవాళ్ళు మన తాంత్రికుల్లో కూడా లేరు.

స్కేలు తెచ్చి కొలిచాను. అంగుళంలో తొమ్మిది వరుసలు. అంగుళానికి డెబ్భై రెండు పాయింట్లు కనక వరుసకి ఎనిమిది, అందులో వరుసకీ వరుసకీ మధ్య సందు పోగా అక్షరానికి మిగిలేది ఏడు. నాకు ఈ లెక్కలు మా వేలువిడిచిన మేనమామ నేర్పాడు. ఆయనకి గుడివాడలో చిన్న ప్రెస్సు ఉండేది. ట్రెడిల్ మిషను, టైపు కేసులు, సిరా వాసన. సెలవుల్లో వెళితే నాచేత టైపు ఏరించేవాడు. శుభలేఖలు కంపోజు చేసేటప్పుడు ఒకటే మాట అనేవాడు: "ఒరేయ్, ముహూర్తం పన్నెండు పాయింట్లకి తగ్గనివ్వకు. ముసలాళ్ళకి కనబడకపోతే పెళ్ళికి రారు, వాళ్ళు రాకపోతే చదివింపులు రావు." పాపం, వ్యాపారి. సౌందర్యదృష్టి లేదు. బ్రిటన్‌లో చూపులేనివాళ్ళ కోసం పనిచేసే ఆర్‌ఎన్‌ఐబీ సంస్థదీ అదే పిచ్చి. అచ్చు 12 పాయింట్లకు తగ్గకూడదు, 14 అయితే మేలు అంటారు వాళ్ళు. అమెరికాలో అంధుల ముద్రణాలయం వాళ్ళు మరీ అన్యాయం, పెద్దచ్చు అనాలంటే 18 ఉండాల్సిందేనన్నారు. వీళ్ళందరినీ ఏడే ఏడు పాయింట్లతో తమరు గెలిచారు.

మా పక్క రాష్ట్రం మిన్నెసోటాలో మైల్స్ టింకర్ అనే సైకాలజిస్టు ఉండేవాడు. మనుషులు అచ్చు ఎలా చదువుతారో పరీక్షలు చేస్తూ దశాబ్దాలు గడిపాడు. తెల్లకాగితం మీద నల్లక్షరం కంటే నల్లకాగితం మీద తెల్లక్షరాన్ని జనం నెమ్మదిగా చదువుతారని తేల్చాడు. ఈ సంగతులన్నీ కలిపి 1963లో 'లెజిబిలిటీ ఆఫ్ ప్రింట్' అని పుస్తకం కూడా వేశాడు. ఆ పుస్తకం తమరు చదివే ఉంటారు. లేకపోతే అందులో వద్దన్నవన్నీ ఒక్క పేజీలో ఇంత పొందికగా ఎలా కుదురుతాయి?

నల్లకాగితం మీద తెల్లక్షరం సంగతి పాఠకులకు కొంచెం విడమరచి చెప్పాలి, అందులోనే తమ గొప్పతనం ఉంది. నిజానికి తెల్లక్షరానికి సిరా లేదు. చుట్టూ సిరా పరిచి, అక్షరం ఉండాల్సినచోట ఖాళీ వదిలేస్తారు. రంగుల అచ్చులో నిండు నలుపు రావాలంటే నలుపు ఒక్కటే చాలదు, నీలం, ఎరుపు, పసుపు కూడా దానికింద పోస్తారు. నాలుగు ప్లేట్లలోనూ ఆ ఖాళీ సరిగ్గా ఒకేచోట పడాలి. ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగిందా, ఆ రంగు ఖాళీలోకి దూరుతుంది. పైగా సిరా కాగితం మీద కాస్త పాకుతుంది. పెద్దక్షరమైతే తట్టుకుంటుంది. ఏడు పాయింట్ల అక్షరానికి సన్నటి కాళ్ళు, గోటిగీతల్లాంటి చివర్లు. అవి పూడిపోతాయి. ఆ కాళ్ళు విరిగిన అక్షరాల వరుసను భూతద్దంలో చూస్తే యుద్ధం ముగిసిన మర్నాడు మైదానంలా ఉంటుంది. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం మాయ అని మా వేదాంతులు శతాబ్దాలుగా వాదించారు. తమరు వాదించలేదు, అచ్చువేసి చూపించారు.

మెరిసే కాగితం ఎంచుకున్నందుకు వేరే దండం పెట్టాలి. దీపం కింద పట్టుకుంటే దీపమే కనిపిస్తుంది. కొంచెం వంచితే నా మొహం కనిపిస్తుంది. ఈ వయసులో ఆత్మదర్శనం అవసరమని గ్రహించినవారు తమరొక్కరే.

కన్ను సంగతి చెప్పాలి. ఇంగ్లీషువాళ్ళు దీనికి గ్రీకులో ఏదో పేరు పెట్టుకున్నారు. మనవాళ్ళు చత్వారం అన్నారు. చత్వారింశత్ అంటే నలభై, జబ్బుకి వయసునే పేరుగా పెట్టేశారు. నలభై దాటితే కంట్లో కటకం గట్టిపడి దగ్గరివాటికి వంగదు. అక్కడితో ఆగదు. ఆ కటకం ఏటేటా పసుపెక్కుతుంది, నీలాలూ ఊదాలూ నలుపులో కలిసిపోతాయి. కంటిపాప చిన్నదవుతుంది. ఇరవయ్యేళ్ళ వాడి కంట్లో వెనకాల తెరమీద పడే వెలుతురులో అరవయ్యేళ్ళ వాడికి పడేది మూడోవంతు. అంటే తమ ఊదా మంత్రాలపేజీని తమ బల్లమీద ఎంత వెలుతురులో చూశారో, దానికి మూడింతలు వెలుతురు ఉంటేనే నాకు ఆ మోస్తరుగా కనిపిస్తుంది. తమరేమో దాన్ని కాగితం మీద చూడరు. వెనకనుంచి వెలిగే పెద్ద తెరమీద, రెండింతలు పెంచి చూస్తారు. వెలుగును తనే పంచే తెర ఎక్కడ, వెలుగును అడుక్కునే కాగితం ఎక్కడ! దాతకి యాచకుడి సంగతి తెలియకపోవడం తప్పుకాదు.

నాకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోదానికి ఇంకా కాలేదు. అందుచేత తమ పత్రిక నాకు నెలకి రెండు సంచికలు వచ్చినట్టు లెక్క. కుడికన్నుతో చదివితే ఒకటి, ఎడమకన్నుతో చదివితే ఇంకొకటి. చందా ఒకటే.

ఇంతకీ ఈ స్తుతికి కారణమైన శనివారం గురించి చెప్పలేదు.

మా బల్లచుట్టూ ఇప్పటికీ నలుగురం చేరతాం. తపాలా శాఖలో రిటైరైనాయన, పళ్ళ డాక్టరు, లైబ్రేరియన్, నేను. అందరం అరవై దాటినవాళ్ళమే. ఆ రాత్రి తమ పత్రికలో వచ్చిన మంచుగుహల సాహసకథ నేను నడుపుతున్నాను. ఇలాంటి కథల్లో ఒక పద్ధతి ఉంది. ఆటగాళ్ళు గదిలో అడుగుపెట్టగానే వాళ్ళకి ఏం కనిపిస్తుందో ఒక పెట్టెలో విడిగా అచ్చువేస్తారు, కథ నడిపేవాడు దాన్ని గట్టిగా చదివి వినిపించాలి. పేజీ మొత్తంలో గడగడా చదవాల్సింది అదొక్కటే. తమరు దానికోసమే వాలు అక్షరాలు, బూడిద రంగు, కింద మంచుకొండ బొమ్మ ప్రత్యేకంగా దాచిపెట్టారు. నేను అద్దాలు సవరించుకుని, భూతద్దం పట్టుకుని, పురోహితుడిలా ఒక్కొక్క మాటే చదివాను. గది మధ్యలో ఎత్తయిన గోడ ఉందన్నాను. ముగ్గురూ చాలాసేపు ఆలోచించారు. తాడు విసిరి గోడెక్కుదామని పళ్ళ డాక్టరు. తవ్వుదామని తపాలా ఆయన. లైబ్రేరియన్ ఉన్న ఒక్క ఎగిరే మంత్రాన్నీ ఖర్చుపెట్టి గోడ మీదుగా ఎగిరింది. అరగంట తర్వాత తెలిసిందేమంటే అక్కడున్నది గోడ కాదు, బావి. వాల్ కాదు, వెల్. ఇంగ్లీషులో ఒక్క అచ్చు తేడా. తపాలా ఆయన తవ్వింది అందులోనే.

తర్వాత ఓగర్ వచ్చాడు. మన బకాసురుడి బాపతు. వాడి ప్రాణం ఎంతో పాయింట్లలో రాసి ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడల్లా తీసేస్తూ పోతే సున్నా దగ్గర చస్తాడు. ఎనభై ఎనిమిది అని చదివాను. కొట్టారు, కొట్టారు. మంత్రాలు అయిపోయాయి, మందులు అయిపోయాయి. పళ్ళ డాక్టరు పాత్ర పన్నెండేళ్ళుగా ఆడుతున్న వీరుడు, నేలకొరిగాడు. ఆయన నిజంగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా ఆవిడ పకోడీల పళ్ళెం పెట్టి, "ఇంకా చావలేదా వాడు?" అని అడిగి వెళ్ళిపోయింది. రెండు గంటలైంది. అప్పుడు నీళ్ళు తాగడానికి కిందికి వచ్చిన మా మనవడు నా భుజం మీదుగా తొంగిచూసి, "తాతయ్యా, అది థర్టీ ఎయిట్" అన్నాడు.

ముప్ఫై ఎనిమిది. గంటన్నర క్రితమే చచ్చినవాడితో యుద్ధం చేస్తున్నాం. మూడంకె నడుం దగ్గర తోలుపత్రం మచ్చ ఒకటి పడి, దాన్ని ఎనిమిది చేసింది. నలభైయేళ్ళ అనుభవంలో ఇంత భయంకరమైన రాక్షసుణ్ణి నేను ఎదుర్కోలేదు. ఆ ఘనత కథ రాసినాయనది కాదు. ఆయన పాపం ముప్ఫై ఎనిమిదే ఇచ్చాడు, మిగతా యాభై తమ దానం.

ఈ సంగతే వినయంగా తమ కార్యాలయానికి రాశాను. చక్కటి జవాబు వచ్చింది. పేజీని చూడగానే పాఠకుడు ఆ లోకంలోకి దిగిపోవాలన్నది తమ ఆశయమట. నిజమే, మా తపాలా ఆయన బావిలోకి దిగాడు. చదవడం కష్టమైతే డిజిటల్ ప్రతి కొనుక్కుని కావలసినంత పెంచుకోవచ్చని కూడా సలహా ఇచ్చారు. వంటలో ఉప్పు తక్కువైందంటే హోటలువాడు పక్కకొట్లో ఉప్పు అమ్ముతారని చూపించినట్టు. ఎంత ఉపకారబుద్ధి! అదే పత్రికకి రెండోసారి డబ్బు కడితే మొదటిసారి కొన్నది చదవవచ్చు.

ఈ మార్గంలో తమకి పూర్వాచార్యులున్నారు. 1994లో రే గన్ అనే సంగీత పత్రికకి డేవిడ్ కార్సన్ అనే ఆర్ట్ డైరెక్టరు ఉండేవాడు. గాయకుడు బ్రయన్ ఫెర్రీ ఇంటర్వ్యూ ఆయనకి విసుగనిపించి, దాన్ని డింగ్‌బ్యాట్స్ అనే గుర్తుల టైపులో పరిచేశాడు. అక్షరాలే లేవు, అన్నీ చుక్కలూ పూలూ చేతిగుర్తులూ. ప్రపంచమంతా ఆయన్ని మేధావి అంది. కానీ కార్సన్ చదవనివ్వదలుచుకోలేదు గనక చదవనివ్వలేదు. తమరు చదవమని ఇచ్చి చదవనివ్వలేదు. దీనికే ఎక్కువ ప్రతిభ కావాలి.

ఇంకో మాట. మా చిన్నప్పుడు చందమామలో అక్షరాలు కళ్ళకి ఎదురొచ్చి పలకరించేవి. ఎందుకంటే అది పిల్లల పత్రిక. ఈ ఆటని మొదట ఆడిన పదిహేనేళ్ళ కుర్రాళ్ళకి ఇప్పుడు అరవై అయిదు దాటాయి. మా మనవడి ఈడువాళ్ళు పత్రిక కొనరు, వాళ్ళకి ఫోనుంది. నెలనెలా డబ్బుకట్టి కాగితం తెప్పించుకునేది మేమే. కొనేవాడికి కనబడదు, కనబడేవాడు కొనడు. పిల్లలకి పెద్దక్షరాలూ, పెద్దలకి పిల్లక్షరాలూ వడ్డించిన ఈ సమన్యాయం ధర్మరాజుకి కూడా తట్టలేదు.

ఆటని కనిపెట్టిన గైగాక్స్ 2008లో తన అరవై తొమ్మిదో ఏట పోయాడు. ఆర్నెసన్ మరుసటి ఏడాది అరవై ఒకటో ఏట పోయాడు. ఇద్దరూ అదృష్టవంతులే, తాము కట్టిన ఆటని బతికుండగా చదవగలిగారు.

నిన్న పోస్టులో తమ కవరు వచ్చింది. చందా గడువు అయిపోతోందట. విప్పాను. తెల్లటి కాగితం, మెరుపు లేదు, మచ్చ లేదు, తోక లేదు. నల్లటి సిరా. ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో, కార్డు నంబరు ఏ గళ్ళలో రాయాలో అన్నీ విడివిడిగా, దూరందూరంగా ఉన్నాయి. కళ్ళజోడు పైఅంతస్తులో ఉండిపోయింది, అయినా గుక్కతిప్పుకోకుండా చదివేశాను. తర్వాత స్కేలు తెచ్చి కొలిచాను. పద్నాలుగు పాయింట్లు.